మేం చూడ్డానికి వెళ్లిన రోజు

చలికాలం వచ్చిందంటే అరకు లోయలో మా ఊరి ఆడవాళ్లకు రోజుకు రెండు పనులు. పగలు కాఫీ పళ్లు కోయడం, పొద్దు వాలాక రిసార్టులో ధింసా ఆడటం. కొండ మీద నుంచి గోనెసంచి వీపున మోసుకుని దిగి, చేతులకు అంటిన జిగురు కడుక్కుని, ఆటకు కట్టే పచ్చచీర మోకాళ్ల మీదకి బిగించి కట్టి, కొప్పులో పూలు, కాళ్లకు అందెలు పెట్టుకునేసరికి జీపు వచ్చి హారన్ కొట్టేది. జీపులో ఎవరం మాట్లాడుకునేవాళ్లం కాదు. ఒకరి భుజం మీద ఒకరం తల వాల్చి, రిసార్టు గేటు వచ్చేదాకా కళ్లు మూసుకునేవాళ్లం.

అక్కడ మంట వేసి ఉండేది. మంట చుట్టూ ప్లాస్టిక్ కుర్చీలు, కుర్చీల్లో మంకీ టోపీలు పెట్టుకున్న విశాఖపట్నం వాళ్లు, హైదరాబాదు వాళ్లు, బెంగాలీలు. మా మగవాళ్లు తుడుం, డప్పు వాయిస్తుంటే ఒక ముసలాయన మోరి ఊదేవాడు. మోరి సన్నాయి లాంటిదే, కాకపోతే ఇంకొంచెం గరగరగా ఏడుస్తుంది. మేం వరసగా నిలబడి, వీపుల వెనక నుంచి ఒకరి చేతులు ఒకరం పట్టుకుని మెల్లగా అడుగు కదిపేవాళ్లం. ఊళ్లో పండగనాడైతే ఆట మొదలయ్యాక ఎప్పుడు ఆగుతుందో ఎవరూ చెప్పలేరు. రిసార్టులో మాత్రం అతిథులు సూపు తాగడం అయ్యాక మొదలుపెట్టి, బొంగు చికెన్ బల్ల మీదకు వచ్చేసరికి ముగించాలి. చివర్లో వాళ్లు కూడా వచ్చి వరసలో దూరేవారు. వాళ్ల కాళ్లకు బూట్లు, మావి ఉత్త పాదాలు. తొక్కించుకుంటూనే నవ్వడం అలవాటైపోయింది.

వరసకు ముందు నిలబడేది మా వదిన. మా అన్నయ్య భార్య. నేను ఆశ్రమ పాఠశాలలో చదువుకునే రోజుల్లో ఆమె మా ఇంటికి కోడలిగా వచ్చింది. సెలవులకు ఇంటికొస్తే నా తలలో పేలు చూసింది, నా బట్టలు ఉతికింది. ఇప్పుడు నా జుట్టు కూడా నెరుస్తోంది, అయినా ఆమెకు నేను ఇంకా గుంటనే. అన్నయ్య జ్వరంతో పోయి చాలా ఏళ్లయింది. అప్పటి నుంచి ఇద్దరం పక్కపక్క ఇళ్లలో ఉంటూ ఒకే పొయ్యి మీద వండుకున్నట్టు బతుకుతున్నాం.

వదిన ముక్కుకు మూడు ముక్కెరలు. చెవి అంచు పొడుగునా రింగులు. మనిషి పొట్టి, సన్నం. కానీ వరస ముందు నిలబడి కుడిచేత్తో నెమలీకల కట్ట పైకెత్తిందంటే వెనకున్న మా అందరి కాళ్లూ ఆమె కాళ్ల మాటే వినేవి. అలాంటి వదిన మోకాలు ఆ ఏడు కాఫీ కోతలప్పుడు పట్టేసింది. వాలు మీద కాలు నిలవక జారి పడింది. పెద్ద దెబ్బేం కాదంది. ఆవనూనె రాసుకుని, గుడ్డ కట్టుకుని, ఆ సాయంత్రం కూడా జీపెక్కింది. ఆటయ్యాక జీపు దిగేటప్పుడు మాత్రం ముందు నా భుజం వెతుక్కునేది.

ఆమెకు ఒక్కతే కూతురు. నా మేనకోడలు. పాడేరులో డిగ్రీ చదివి, అదే రిసార్టులో రిసెప్షన్‌లో చేరింది. తలకు నున్నగా నూనె రాసుకుని, నల్ల కోటు వేసుకుని, వచ్చినవాళ్లకల్లా తప్పకుండా చూడాల్సినవేవో చెప్పడం దాని పని. పొద్దున్నే బొర్రా గుహలు, దారిలో గాలికొండ దగ్గర ఆగి ఫొటోలు, మధ్యాహ్నం గిరిజన మ్యూజియం, ఎండ తగ్గాక చాపరాయి దగ్గర నీళ్లు, సాయంత్రానికి వెనక్కి వచ్చేస్తే మంట దగ్గర ధింసా. ఇంటికొచ్చి నిద్రలో కూడా ఇదే చెప్పేదని వదిన నవ్వేది.

కొత్త సంవత్సరం రద్దీలో ఒక సాయంత్రం ఆట అయ్యాక ఒకావిడ వదిన పక్కన కూర్చుని అడిగింది.

"అమ్మా, గుహలకి పొద్దున వెళ్తే బాగుంటుందా, మధ్యాహ్నమా?"

"నాకేటి తెలుసమ్మా. నాను సూడనేదు," అంది వదిన.

"అయ్యో, ఇక్కడే ఉండి చూడలేదా!"

ఆవిడ ఆశ్చర్యంగా నవ్వింది. అందులో చెడ్డతనం ఏమీ లేదు. వదిన కూడా నవ్వింది. కౌంటర్ దగ్గర నుంచి విన్న మేనకోడలికి మాత్రం ముఖం మాడిపోయింది. ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు జీపులో నాతో అంది, "అత్తా, నేను ఎవరెవరికో చెప్తున్నాను. మా అమ్మకి చూపించలేదు. నేను కూడా స్కూల్లో ఉన్నప్పుడు ఒకసారి వెళ్లానంతే."

తర్వాత రెండు మూడు రోజులకే రిసార్టు ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. కరెంటు వచ్చేదాకా అతిథుల్ని వేరేచోటికి పంపేశారు. రేపు ఆట లేదు, రానక్కర్లేదు అని మేనేజరు కబురు పెట్టాడు. మేనకోడలికి కూడా సెలవిచ్చారు. అది నేరుగా వచ్చి, రేపు ముగ్గురం చూడ్డానికి వెళ్తున్నాం అని చెప్పేసింది. ఆటో కూడా మాట్లాడేసిందట.

"కాఫీ ఎండబెట్టాల," అంది వదిన.

"ఒక్కరోజు ఎండకపోతే ఏం కాదు."

"ఆ గుహల్లో ఏటుందే? రాయే కదా. మన కొండ మీద నేవేటి రాళ్లు?"

"అమ్మా, నువ్వు వస్తున్నావు."

వదిన నా వైపు చూసింది. నాకు కూడా ఆ రోజంతా పడుకోవాలనే ఉంది. సెలవంటే మాకు తెలిసింది అదొక్కటే. కానీ ఆ పిల్ల ముఖం చూసి కాదనలేకపోయాను. "పోనీ ఎల్దాం వదినా. గుంట సరదా పడతంది," అన్నాను.

తెల్లవారేసరికి వదిన లేచి అంతా సిద్ధం చేసేసింది. రాగిపిండితో చోడంబలి కాచి సీసాల్లో పోసింది. బొబ్బట్లంత మందంగా రొట్టెలు కాల్చి, పచ్చిమిరపకాయ, ఉప్పు నూరి మూట కట్టింది. పెట్టెలో నుంచి ఎర్రంచు చీర తీసి కట్టుకుంది. లోయంతా మంచు కమ్మి ఉంది. ఆటో ఎక్కాక మేనకోడలు మా ఇద్దరికీ అటూ ఇటూ చూపించడం మొదలుపెట్టింది. రిసెప్షన్‌లో చెప్పే మాటలే, కొంచెం ప్రేమగా. సిల్వర్ ఓక్ చెట్ల కింద కాఫీ, చెట్లకు అల్లుకున్న మిరియాల తీగలు. అవన్నీ మేం రోజూ మోసేవే. గాలికొండ మలుపులో కార్లు ఆపుకుని జనం మబ్బుల్ని ఫొటోలు తీస్తున్నారు. అక్కడ ఆగుదామని అది వెనక్కి తిరిగి చూస్తే, వదిన ఆటో ఇనుప కమ్మీకి తల ఆనించి నిద్రపోతోంది. ప్రతి గతుకుకీ తల కమ్మీకి కొట్టుకుంటున్నా లేవలేదు. నేను నా చెయ్యి మధ్యలో పెట్టాను.

"పోనీలే, ఆపొద్దు," అంది మేనకోడలు ఆటో అబ్బాయితో.

గుహల దగ్గర అప్పటికే బస్సులు నిండిపోయి ఉన్నాయి. బొంగుల పొగ, కోతులు, జామకాయల బుట్టలు. టికెట్ల వరసలో నిలబడ్డాం. ముందున్నాయన వెనక్కి తిరిగి మమ్మల్ని చూసి, బాత్రూములు ఎటు అని అడిగాడు. మాకు తెలీదన్నాం. అతను మా వెనకవాళ్లని అడక్కుండా మళ్లీ మమ్మల్నే, పోనీ మంచినీళ్లు ఎక్కడ దొరుకుతాయి అని అడిగాడు. వదిన మేనకోడలి చెయ్యి గిల్లి, "మనం ఇక్కడ పన్జేసీవోళ్లం అనుకుంతన్నాడే," అని కిసుక్కున నవ్వింది. ఆ రోజు ఆమె మనసారా నవ్వింది అప్పుడే.

లోపలికి అడుగుపెట్టాక నేను నిలబడిపోయాను. నిజం చెప్పాలంటే నాకు అంత పెద్దగా ఉంటుందని తెలీదు. కొండంటే నాకు ఎక్కేది, దిగేది, దున్నేది. దాని కడుపులో ఇంత చోటు ఉంటుందని, పైన మనుషులు నడుస్తుంటే కింద నీరు చుక్క చుక్కగా కారి రాయి పెరుగుతూ ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు. ఎర్రవి, పచ్చవి దీపాలు పెట్టారు. గబ్బిలాల వాసన. పైన ఎక్కడో పెద్ద కంత, అందులోంచి పగటి వెలుతురు దూరి లోపల పడుతోంది. మేనకోడలు చెప్తోంది, ఇది శివలింగంలా ఉంటుంది, అది ఏనుగులా ఉంటుంది, ఇది తల్లీబిడ్డ అని. నాకు ఏదీ దేనిలాగా కనిపించలేదు. రాయి రాయిలాగే ఉంది, అదే బాగుంది.

మెట్లు తడిగా ఉన్నాయి. వదిన కమ్మీ పట్టుకుని, మంచి కాలు ముందు పెట్టి, నొప్పి కాలు దాని పక్కకి లాక్కుంటూ దిగుతోంది. సగం దిగాక ఒక మెట్టు మీద కూర్చుండిపోయింది.

"మీరెల్లి సూసి రండి. నానిక్కడే కూకుంతాను."

"నేనుంటాను మీ అమ్మ దగ్గర. నువ్వు కిందకి వెళ్లి రా," అన్నాను మేనకోడలితో. అది ఒక్క క్షణం ఆగి, ఫోన్లో ఫొటో తీసుకొచ్చి చూపిస్తానని దిగి వెళ్లింది.

జనం మమ్మల్ని తప్పుకుంటూ దిగుతున్నారు. ఇంతలో ఒకావిడ మా ముందు ఆగి, వదిన ముఖంలోకి వంగి చూసింది.

"మీరే కదా! మొన్న రిసార్టులో డాన్సు చేసింది, అందరికంటే ముందు నిలబడి?"

వదిన తలూపింది. ఆవిడ సంబరంగా భర్తని, పిల్లల్ని పిలిచింది. "ఇదిగో చూడండి, ఆవిడే!" పిల్లలు చుట్టూ మూగారు. ఫొటో అన్నారు. వదిన కమ్మీ పట్టుకుని లేచింది. లేస్తూనే అలవాటుగా చెయ్యి ఆవిడ వీపు వెనక్కి పోనిచ్చింది. భర్త ఫోను ఎత్తిపట్టాడు.

"ఒక్క స్టెప్పు అమ్మా, ఒక్కటి. మా పిల్లలకి చూపించండి," అంది ఆవిడ.

నేను వద్దందామనుకునేలోపే వదిన కాలు కదిలింది. చెప్పాను కదా, ఆ కాళ్లు వేరు. డప్పు లేదు, తుడుం లేదు, తడి రాతి మీద రెండడుగులు పక్కకి, ఒకటి వెనక్కి. వెనక్కి వేసిన అడుగులో మోకాలు మడతపడింది. "అమ్మా" అని కమ్మీ మీద పడింది. నేను ఒక రెక్క, ఆవిడ ఒక రెక్క పట్టుకున్నాం.

ఆవిడ భయపడిపోయింది. నీళ్లు తాగించింది, సంచిలోంచి నొప్పి మందు స్ప్రే తీసి తనే కొట్టింది. "నా వల్లే, క్షమించండమ్మా," అని ఎన్నిసార్లు అందో. వదిన, "ఏటీ అవనేదు తల్లీ, ఎల్లండి, సూసుకోండి," అని వాళ్లని పంపించింది. అప్పటికి కింద నుంచి మేనకోడలు వచ్చింది. విషయం విని దాని కళ్లు ఎర్రబడ్డాయి.

"నీకు బుద్ధుందా అమ్మా? సెలవు రోజున, ఈ మెట్ల మీద ఆడతావా?"

"అడిగింది కదే."

"అడిగితే ఆడేస్తావా?"

వదిన మెట్టు మీద మళ్లీ కూర్చుంది. మోకాలు రుద్దుకుంటూ, "అడిగితే ఆడీడం అలవాటైపోనాది. ఒల్లననడం నేర్సుకోనేదు," అంది. కోపంగా కాదు, బాధగా కూడా కాదు. వంటలో ఉప్పు తక్కువైందని చెప్పినట్టు చెప్పింది.

పైకి ఎక్కడానికి చాలాసేపు పట్టింది. బయట చెట్టు నీడన కూర్చుని అంబలి తాగాం. రొట్టెల మూట విప్పగానే కోతి ఒకటి వచ్చి కూర్చుంది. వదిన తన రొట్టెలో సగం దానికి పడేసింది. ఇంటికి పోదామని నేనన్నాను. మేనకోడలు రొట్టె తుంచుతోందే కానీ తినడం లేదు. దాని ముఖంలో, తను తలపెట్టిందంతా పాడైపోయిందన్న దిగులు నాకు కనిపిస్తూనే ఉంది. వదినకు కూడా కనిపించినట్టుంది.

"మ్యూజియంలో మెట్లున్నాయేటే?" అని అడిగింది.

"పెద్దగా లేవమ్మా. చదునుగానే ఉంటుంది."

"అయితే అదొకటి సూసి ఇంటికెల్దాం. బేగి ఎల్దాం."

అలా అరకు వెనక్కి వచ్చి మ్యూజియంకి వెళ్లాం. నేను అంతకుముందు దాని గోడ బయట సంతకు వెళ్లే బస్సు కోసం ఎన్నోసార్లు నిలబడ్డాను, లోపలికి ఎప్పుడూ పోలేదు. లోపల చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. మనిషంత బొమ్మలు. తిరగలి విసిరే ఆడమనిషి, వల పట్టుకున్న మగమనిషి, సంత, పెళ్లి. మా ఇళ్లలో ఉన్న సామాన్లే, కాకపోతే మా ఇంట్లో వాటి మీద మసి ఉంటుంది, ఇక్కడ లేదు. ఒక గది మధ్యలో మట్టి ఇల్లొకటి కట్టారు. గడ్డి కప్పు, ముందు ఎర్రమట్టి అలికిన అరుగు, అరుగు మీద ఒక చేట, ఒక బుట్ట.

వదిన ఆ అరుగు చూసి, "కూసేపు కూకుంతాను, మీరు తిరిగి రండి," అంది. కూర్చుని, స్తంభానికి వీపు ఆనించి, నొప్పి కాలు చాపుకుంది. అక్కడ కూర్చోవచ్చో లేదో మేం ఆలోచించలేదు. అరుగు కనిపిస్తే కూర్చోవడమే మాకు తెలుసు.

నేనూ మేనకోడలూ లోపలి గదుల్లోకి వెళ్లాం. ఒకచోట ధింసా వరస ఉంది. బొమ్మలన్నీ ఒకే ఎత్తు, ఒకే నవ్వు. ముందున్న బొమ్మ చేతిలో నెమలీకలు. మేనకోడలు దాని ముందు నిలబడి చాలాసేపు చూసింది. నేను దాన్ని అక్కడే వదిలి పక్క గోడ మీద పాత ఫొటోలు చూస్తూ నడిచాను. అందులో మా వాళ్లెవరైనా ఉంటారేమోనని వెతికాను. ఎవరూ లేరు.

తిరిగి వచ్చేసరికి మట్టి ఇంటి చుట్టూ జనం. ఏమైందోనని పరుగెత్తాను. తోసుకుని ముందుకు వెళితే, వదిన అరుగు మీద అలాగే స్తంభానికి ఆనుకుని నిద్రపోతోంది. తల కొంచెం పక్కకి వాలింది, నోరు కొద్దిగా తెరుచుకుంది. చెయ్యి పక్కనున్న చేట మీద ఉంది.

"ఎంత బాగా చేశారో చూడు," అంటోంది ఒకామె పక్కామెతో. "వేళ్ల మీద ముడతలు కూడా."

"ఆ ముక్కెరలు నిజమైనవే పెట్టినట్టున్నారు."

ఒకతను ఫొటో తీస్తున్నాడు. ముందు వరసలో ఉన్న చిన్నపిల్ల ఒకతి వంగి, వదిన పాదం బొటనవేలు ముట్టుకుంది. నిద్రలోనే వదిన కాలు చటుక్కున ముడుచుకుంది. ఆ పిల్ల కెవ్వుమని అరిచి తల్లి కాళ్లకు చుట్టుకుంది. జనమంతా ఒక్క ఉదుటున వెనక్కి జరిగారు. తర్వాత ఒకరు నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. "అయ్యో, మనిషే!" అన్నారు. ఫొటో తీసినతను ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. కొందరు నొచ్చుకున్నట్టు పక్కకి వెళ్లిపోయారు.

ఇంత గోలలోనూ వదిన లేవలేదు.

నేను ఆమె ముఖం అలా ఎప్పుడూ చూడలేదు. ఆ పొద్దున ఆటోలో తప్ప, పగటిపూట ఆమె పడుకోగా చూసిన గుర్తే లేదు. నవ్వు లేదు, ఎవరికీ బదులు చెప్పాల్సిన పని లేదు. అలసట అంతా ముఖం మీదకి వచ్చి, అక్కడే ఒక పక్కన కూర్చున్నట్టుంది. నాకు లేపాలనిపించలేదు.

కాపలా అతను వచ్చాడు. ఖాకీ చొక్కా, మా వైపు మనిషే. "అమ్మా, ఇక్కడ పడుకోకూడదు. లేపండి," అన్నాడు.

మేనకోడలు గొడవకి సిద్ధమైపోయింది. నేను దాని చెయ్యి పట్టి ఆపాను.

"బాబూ, కాలు బాగోనేదు. నెలల తరబడి సరిగ్గా నిద్దర్లేదు. ఒక్క కూసేపు," అన్నాను.

అతను వదిన వైపు చూశాడు. కాలికి కట్టిన గుడ్డ చూశాడు. "ఈవిడ ఆటలో ముందు నిలబడతాది కదా?" అన్నాడు మెల్లగా. అవునన్నాను. అతను అరుగు దగ్గర నుంచి జరిగాడు. జనం వైపు తిరిగి, "ఇటు రండి, ఇటు. ధింసా బొమ్మలు లోపల గదిలో ఉన్నాయి, అవి చూడండి," అని అందరినీ అటు మళ్లించాడు. మట్టి ఇంటి గదిలోకి కొత్తవాళ్లు వచ్చినప్పుడల్లా అలాగే అటు పంపిస్తూ నిలబడ్డాడు.

మేం ఇద్దరం వదినకి చెరో పక్కన అరుగు మీద కూర్చున్నాం. మేనకోడలు మోకాళ్ల మీద గడ్డం పెట్టుకుని చాలాసేపటికి అంది:

"అత్తా, రోజూ చెప్తాను కదా, గుహలు, మ్యూజియం, చాపరాయి, సాయంత్రం ధింసా అని. ధింసా అన్నప్పుడు అమ్మని కలిపే చెప్తున్నానని ఎప్పుడూ తోచలేదు."

"నీ ఉద్యోగం అది," అన్నాను. "మా పని ఇది. ఎవులు తప్పు సేసినారని?"

అది తల్లి జారిన కొంగు సర్దింది. నేను కూడా కళ్లు మూసుకున్నాను. నిద్రపోయానో లేదో తెలీదు. దూరంగా జనం చెప్పుల చప్పుడు వినిపిస్తూనే ఉంది.

మేనకోడలి ఫోను మోగి వదిన లేచింది. మేనేజరు. కరెంటు వచ్చేసిందట, విశాఖపట్నం నుంచి బస్సెడు మందిని పంపుతున్నారట, సాయంత్రం ఆట ఉందట.

"ఎల్దాం," అంది వదిన, కొంగుతో ముఖం తుడుచుకుంటూ. ఎక్కడున్నదీ ఒక్క క్షణం అర్థం కానట్టు చుట్టూ చూసింది.

"నువ్వు రావు," అంది కూతురు. "నేను చెప్పేస్తాను, అమ్మకి ఒంట్లో బాగోలేదని."

"మిగిలినోళ్లు సలిలో నిలబడుంతారు. నాను నేకపోతే వరస ఎవులు తిప్పుతారు?"

"నాను తిప్పుతాను," అన్నాను.

ఆ మాట నేను ముందు అనుకుని అనలేదు. వదిన నా వైపు తిరిగి చూసింది. ఇన్నేళ్లుగా నా చెయ్యి ఆమె వీపు వెనకే ఉంది. ఆమె ఎటు ఒరిగితే అటు ఒరిగాను, ఎక్కడ ఆగితే అక్కడ ఆగాను.

"నువ్వా, గుంటా?" అంది.

"మరేటి? రోజూ నీ ఎనకే కదా ఆడతన్నాను."

ఆమె నా భుజం ఆసరాగా లేచి నిలబడింది. బయటకు వచ్చేటప్పుడు కాపలా అతనికి దండం పెట్టింది. అతను తన కోసం ఏం చేశాడో ఆమెకి అప్పటికి తెలీదు. అంతా ఆటోలో మేనకోడలు చెప్పింది, ఆ చిన్నపిల్ల వేలు ముట్టుకోవడంతో సహా. వదిన విని, "పాపం, బెదిరిపోనాదేమో," అని ఆ పిల్ల గురించే అడిగింది.

ఆ సాయంత్రం వదిన జీపెక్కింది, కానీ అందెలు కట్టుకోలేదు. తుడుం వాయించేవాళ్ల పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ వేయించి మేనకోడలు ఆమెను అందులో కూర్చోబెట్టింది. నేను నెమలీకల కట్ట పట్టుకుని ముందు నిలబడ్డాను. ఎడమచెయ్యి వెనకామె చేతిలో ఉంది, కుడిపక్కన ఎవరూ లేరు. ఆ ఖాళీ చాలా చల్లగా అనిపించింది. మోరి మొదలైంది. మొదటి చుట్టు తప్పుగా తిప్పాను, వెనకవాళ్లు సర్దుకున్నారు. రెండో చుట్టులో వదిన కుర్చీ ముందు నుంచి వెళ్తుంటే ఆమెను చూశాను. అతిథుల్లాగే శాలువా కప్పుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, మా కాళ్లవైపే చూస్తోంది. పెళ్లయి ఈ ఊరు వచ్చినప్పటి నుంచి ఆమె ఏ ఆటనైనా లోపల నుంచే ఆడింది. బయట కూర్చుని చూడటం అదే మొదటిసారి.

చప్పట్లు కొట్టారు. అతిథులు వరసలో దూరారు, కాళ్లు తొక్కారు, ఫొటోలయ్యాయి. నేను వగరుస్తూ వచ్చి వదిన కుర్చీ పక్కన కింద కూర్చున్నాను. ఎలా ఉందని అడగడానికి సిగ్గేసింది.

ఆమే అంది. "అప్పుడే అయిపోనాదేటే? ఇంత సిన్నదా మన ఆట?"

నాకు నవ్వొచ్చింది. ఎన్ని సాయంత్రాలు ఎప్పుడు అయిపోతుందా అని ఆమె పళ్లబిగువున అడుగులు వేసిందో నాకు తెలుసు. వదిన నవ్వలేదు. మంట వైపు చూస్తూ ఉండిపోయింది.

ఆ తర్వాత ఆమెను పాడేరు ఆసుపత్రికి తీసుకెళ్లాం. మోకాలి గుజ్జు అరిగిపోయిందన్నారు. వాలు ఎక్కవద్దు, గంతులు వేయవద్దు, నేల మీద కూర్చోవద్దు అన్నారు. కొండ మీద ఉండేవాళ్లకి ఇవి మానమంటే బతకడం మానమన్నట్టే. వదిన డాక్టరు ముందు అన్నిటికీ తలూపి, ఇంటికొచ్చి నేల మీదే కూర్చుని చోళ్లు చెరిగింది. ఒక్క ఆట మాత్రం మానేసింది. రిసార్టు మేనేజరు రెండుసార్లు కబురు పెట్టాడు, ఊరికే ముందు నిలబడినా చాలన్నాడు. ఆమె ఒల్లనంది. మేనకోడలు ఆ మాట ఫోన్లో చెప్తుంటే పక్కనుండి విన్నాను. అతను మళ్లీ అడిగితే మళ్లీ అదే మాట చెప్పి పెట్టేసింది.

చైత్రంలో వచ్చే మా వేట పండగ, ఇటుకల పండగకి ఊళ్లో వరస కట్టినప్పుడు మేమంతా రమ్మంటే వదిన వచ్చింది. ముందుకి రాలేదు. చివరన నిలబడి, ఒక ముసలావిడ నడుం పట్టుకుని రెండు చుట్లు తిరిగింది. మూడో చుట్టుకి ముందు మెల్లగా చెయ్యి విడిపించుకుని వెళ్లి గుమ్మంలో కూర్చుంది. ఆట మాత్రం అలా సాగుతూనే ఉంది. ఎవరూ అడిగేవాళ్లు లేకపోయినా, ఎవరూ ఫొటో తీయకపోయినా పొద్దుపోయేదాకా ఆడాం. నా అరికాళ్లు మండాయి.

ఈ ఏడు కూడా చలి బాగా ముదిరింది. పగలు కాఫీ, సాయంత్రం జీపు. వరస ముందు ఇప్పుడు నేనే. నా ఎడమ మడమలో ఒక పోటు మొదలైంది, ఇంకా ఎవరికీ చెప్పలేదు. ఇంటికి తిరిగొచ్చేసరికి వదిన పొయ్యి మీద నీళ్లు కాచి, ఉప్పేసి ఉంచుతుంది. గిన్నెలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటాను. ఇద్దరం పెద్దగా మాట్లాడుకోం. మాట్లాడటానికి ఓపిక ఉండదు.

"రేపెంత మంది ఒత్తన్నారట?" అని అడుగుతుంది.

"బస్సు నిండా," అంటాను.

ఆమె ఇంకొంచెం వేడినీళ్లు పోస్తుంది.